గోల్ఫ్ సిమ్యులేటర్ ప్రొజెక్టర్: లెక్క ఎత్తు నుంచి మొదలుపెట్టండి

స్క్రీన్ వెడల్పు 12 అడుగులు. ప్రొజెక్టర్ త్రో రేషియో, అంటే దూరానికీ బొమ్మ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి, 0.8. రెండూ గుణిస్తే 9.6. అంటే స్క్రీన్‌కి 9.6 అడుగుల దూరంలో సీలింగ్‌కి డ్రిల్లు పెట్టేయొచ్చు... అవునా?

గుణకారం కరెక్టే. రంధ్రాలు మాత్రం తప్పు చోట పడ్డాయి. ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్, అంటే తెర మీద కనిపించే మైదానంలోకి నిజం బంతి కొట్టే ఏర్పాటు, కట్టుకుంటున్నవాళ్ళు పదే పదే వేసే లెక్క ఇదే. చూసిన ప్రతిసారీ నాకు చిరాకు. అందుకే ఈ వీడియో. లాంచ్ మానిటర్ అంటే షాట్‌ని కొలిచే పరికరం, ఇంపాక్ట్ స్క్రీన్ అంటే బంతి తగిలే తెర, బొమ్మ పడేదీ దాని మీదే. అంతకుమించి వాటి జోలికి పోవట్లేదు.

ముందు ఒక గది అనుకుందాం. వీడియో అయ్యేవరకూ ఇదే గది. సీలింగ్ 10 అడుగులు. ఇంపాక్ట్ స్క్రీన్ నేల నుంచి మొదలై 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. బంతి పెట్టేది స్క్రీన్‌కి 10 అడుగుల దూరంలో.

(తెర మీద: గది బొమ్మ, పక్క నుంచి)

12కి 9 అంటే 4:3. పాత టీవీల ఆకారం. ఇప్పుడు దొరికే ఇంటి ప్రొజెక్టర్లు ఎక్కువగా 16:9, సినిమాలకీ వీడియో గేములకీ చేసినవి. సినిమాకి అది బాగుంటుంది. గోల్ఫ్‌లో మనకి కింద పాదాల ముందు గడ్డి కావాలి, పైన బంతి ఎగిరే ఆకాశం కావాలి, అంటే ఎత్తు కావాలి. పైగా చాలా గదుల్లో వెడల్పు 10 నుంచి 12 అడుగుల మధ్యే ఉంటుంది. అందుకే సిమ్యులేటర్ స్క్రీన్లు చాలావరకు చతురస్రానికి దగ్గరగా వస్తాయి.

ఇప్పుడు ఒక మంచం, ఒక దుప్పటి తీసుకుందాం. మంచం మన స్క్రీన్, దుప్పటి ప్రొజెక్టర్ బొమ్మ. ఈ దుప్పటికి ఒక మొండితనం ఉంది: ఎంత సాగదీసినా ఆకారం మారదు. పొడవు పెంచితే వెడల్పూ అదే లెక్కన పెరుగుతుంది. మంచం 4:3, దుప్పటి 16:9. ఎలా పరుస్తారు?

రెండే దారులు. వెడల్పుకి సరిగ్గా పరిస్తే కాళ్ళ దగ్గర మంచం బోసిగా మిగులుతుంది. మన గదిలో 12 అడుగుల వెడల్పుకి 16:9 బొమ్మ ఎత్తు 6.75 అడుగులే. రెండుంపావు అడుగుల స్క్రీన్ తెల్లగా ఉండిపోతుంది. లేదా పొడవుకి సరిపడా పరవాలి, అప్పుడు రెండు పక్కలా దుప్పటి వేలాడుతుంది. 9 అడుగుల ఎత్తు నిండాలంటే 16:9 బొమ్మ పూర్తి వెడల్పు 16 అడుగులు. స్క్రీన్ 12 అడుగులే కాబట్టి అటు రెండడుగులు, ఇటు రెండడుగులు పక్క గోడల మీదకి పోతాయి.

"పక్కన ఏం పడదండీ, కంప్యూటర్‌లో 4:3 సెట్ చేసేశాను" అంటారు. చాలా సంతోషం. 1080పి ప్రొజెక్టర్‌కి 1440×1080, 4కె ప్రొజెక్టర్‌కి 2880×2160 కస్టమ్ రిజల్యూషన్‌గా (అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో మనమే చెప్పడం) పెడితే ఆ పక్క భాగాలు నల్లగా అయిపోతాయి. నేను కూడా అదే చేయమంటాను. కానీ నల్లగా అయినంత మాత్రాన అవి మాయమైపోలేదు. వేలాడే దుప్పటిని పరుపు కింద దోపారంతే, గుడ్డ అలాగే ఉంది. గది బాగా చీకటి చేసి చూడండి, పక్క గోడల మీద సన్నటి బూడిదరంగు వెలుగు కనిపిస్తుంది. ఆ నలుపు కూడా ప్రొజెక్టర్ వేస్తున్నదే.

అసలు తిరకాసు ఇక్కడుంది. త్రో రేషియో అంటే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ఏ బొమ్మ వెడల్పు? ప్రొజెక్టర్ లోపల బొమ్మని తయారుచేసే చిప్ మొత్తం వేసే బొమ్మది. దుప్పటి కొలతండీ, మంచం కొలత కాదు! పరుపు కింద దోపింది కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి 12ని కాదు, 16ని 0.8తో గుణించాలి. 12.8 అడుగులు. మొదట వేసిన లెక్కకీ దీనికీ మూడడుగుల పైనే తేడా.

అలా కాకుండా 9.6 దగ్గరే బిగించేస్తే? పూర్తి బొమ్మ 12 అడుగుల వెడల్పు, 6.75 ఎత్తు. దాన్ని 4:3కి మారిస్తే మిగిలేది 9 అడుగుల వెడల్పు, అదే 6.75 ఎత్తు. పెద్ద స్క్రీన్ కొని నడిమధ్యలో చిన్న బొమ్మ చూసుకోవాలి.

పోనీ 12.8 దగ్గరే బిగిద్దాం అంటారా? బంతి 10 అడుగుల దగ్గర ఉంది. అంటే ప్రొజెక్టర్ బంతికి వెనకాల, 2.8 అడుగుల దూరంలో వేలాడుతోంది. ఇక్కడ కాస్త ఆగి ఒక బ్యాక్‌స్వింగ్‌ని నెమ్మదిగా చూద్దాం. క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, బంతి నుంచి బయల్దేరి టార్గెట్‌కి ఎదురు దిశలో వెనక్కి పోతుంది. చేతులు నడుము దాటాక మణికట్లు వంగి క్లబ్ నిటారుగా లేస్తుంది. అన్నిటికంటే పొడవైన క్లబ్ డ్రైవర్, దాని పొడవు దాదాపు 45 అంగుళాలు, దానికి చేతుల పొడవు కలపండి. క్లబ్ తల సీలింగ్ వైపు లేచేది బంతికి వెనకాల ఆ రెండు మూడు అడుగుల ప్రాంతంలోనే. ప్రొజెక్టర్ కూడా అక్కడే. సీలింగ్ ఎత్తుంటే తగలకపోవచ్చు, కానీ తల మీద ఏదో వేలాడుతోందన్న టెన్షన్‌తో ఎవరూ పూర్తి స్వింగ్ చేయలేరు. నన్నడిగితే ఇదే పెద్ద నష్టం. పైగా ప్రొజెక్టర్ వెనక ఉంటే పైకి లేచిన క్లబ్ నీడ స్క్రీన్ మీద ఊగుతుంది.

అందుకే లెక్క తిరగేయండి. ముందు ప్రొజెక్టర్ ఎక్కడ ఉండాలో తేల్చుకోండి. నా లెక్కలో బంతికి కనీసం మూడడుగులు ముందుండాలి. మన గదిలో అది స్క్రీన్‌కి 7 అడుగుల దూరం. తర్వాత స్క్రీన్ ఎత్తు తీసుకుని, దాన్నిబట్టి దుప్పటి పూర్తి వెడల్పు కట్టండి. చివరికి దూరాన్ని ఆ వెడల్పుతో భాగించండి. వచ్చిన అంకెతో దుకాణానికి వెళ్ళండి.

(తెర మీద: 7 ÷ 16 = 0.44, 7 ÷ 14.4 = 0.49; 7 ÷ 12 = 0.58)

మొదటిది 16:9. మధ్యది 16:10, అంటే 1920×1200 చిప్. ఆఫీసు మీటింగ్ గదుల కోసం చేసేవాటిలో ఇది ఎక్కువ. చివరిది అసలు సిసలు 4:3 చిప్. మూడోది చూసి "అయితే 4:3యే కొనేద్దాం" అనిపిస్తుంది. దుప్పటి, మంచం ఒకే ఆకారం, గొడవే లేదు కదా. కానీ 4:3లో సులువుగా దొరికేవి ఎక్కువగా 1024×768. ఆ చుక్కల్ని 12 అడుగుల మీదకి సాగదీస్తే ఒక్కో అడుగుకి 85 చుక్కలు. ఆకులు ఆకుల్లా ఉండవు. 16:10ని 4:3గా వాడితే 1600×1200 మిగులుతుంది, చిప్‌లో ఆరో వంతే వృథా. 1080పిలో పావు వంతు పోతుంది. మన గదిలాంటి దానికి నేనైతే కళ్ళు మూసుకుని 16:10, 0.5కి దగ్గర త్రో ఉన్నది చూస్తాను. బొమ్మ స్పష్టత విషయంలో 4కె 16:9దే పైచేయి, పావు వంతు వదిలేసినా 2880×2160 మిగులుతుంది కదా. కానీ దాంట్లో 0.44 త్రో వెతుక్కోవాలి, అది అంత తేలిక కాదు.

వెలుగు కూడా చుక్కలతో పాటే పోతుంది. డబ్బా మీద 3000 ల్యూమెన్స్ అని ఉన్న 16:9 ప్రొజెక్టర్‌ని 4:3గా వాడితే స్క్రీన్ మీద పడేది 2250. మన స్క్రీన్ 108 చదరపు అడుగులు, అంటే చదరపు అడుగుకి 21 కూడా రాదు. చీకటి గదికి అది చాలు. కానీ బంతి దగ్గర లైటు వేసుకుని ఆడతాం కదా, బొమ్మ వెలిసిపోతుంది. కొనేముందు ఈ కోత కూడా లెక్కేసుకోండి.

16:9 పనికిరాదని చెప్పట్లేదు. సీలింగ్ తక్కువై గది వెడల్పుగా ఉంటే, అంటే స్క్రీన్ 14 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అయితే, నిష్పత్తి 1.75. 16:9 అంటే 1.78. హాయిగా అదే కొనండి. ఎడమచేతి వాళ్ళూ కుడిచేతి వాళ్ళూ నడిమధ్య నుంచి ఆడాలని వెడల్పు గది కట్టుకున్నవాళ్ళకి చాలాసార్లు ఇదే సరిపోతుంది. సినిమాలు కూడా ఇందులోనే చూస్తాం అనేవాళ్ళకి మాత్రం ఒక మాట: ముందు ఇది గోల్ఫ్ గదా, సినిమా గదా తేల్చుకోండి. రెండూ అంటే స్క్రీన్ పైన ఖాళీ భరించాలి.

ఇప్పుడు ఎత్తు. ప్రొజెక్టర్‌ని తలకిందులుగా సీలింగ్‌కి బిగిస్తాం. బొమ్మ లెన్స్‌కి సూటిగా ఎదురుగా పడదు, కాస్త కిందకి జారి పడుతుంది. ఎంత జారుతుందో చెప్పేదే ఆఫ్‌సెట్. 105 శాతం అంటే బొమ్మ పై అంచు కంటే లెన్స్, బొమ్మ ఎత్తులో 5 శాతం పైన ఉండాలి. 9 అడుగుల బొమ్మకి అది ఐదున్నర అంగుళాలు. మన స్క్రీన్ పై అంచు 9 అడుగులు, సీలింగ్ 10. కాబట్టి లెన్స్ 9 అడుగుల ఐదున్నర అంగుళాల దగ్గర, సీలింగ్‌కి ఆరున్నర అంగుళాల కింద. పొట్టి మౌంట్‌తో సరిపోతుంది. అదే 116 శాతం ఆఫ్‌సెట్ అయితే? 9 అడుగుల్లో 16 శాతం అంటే 17 అంగుళాలు. లెన్స్ సీలింగ్ దాటి పై అంతస్తులో ఉండాలి! స్పెసిఫికేషన్ షీట్‌లో ఈ ఒక్క అంకె చూడకుండా కొన్నవాళ్ళకి చివరికి కీస్టోనే, అంటే వంకర పడ్డ బొమ్మని ప్రొజెక్టర్ సెట్టింగ్‌తో సరిచేయడమే, దిక్కు.

కీస్టోన్ అంటే నాకు పడదు. ముడత పడ్డ దుప్పటిని ఒక మూల పట్టుకుని లాగి మంచం కింద దోపినట్టే. పైకి చక్కగా కనిపిస్తుంది, లోపల చుక్కలు నలిగిపోతాయి, అక్షరాల అంచులు మసకబారతాయి. లెన్స్ షిఫ్ట్ (లెన్స్‌నే జరిపే ఏర్పాటు) ఉంటే దుప్పటి మొత్తాన్ని నలగకుండా అటూ ఇటూ జరుపుకోవచ్చు. లాంచ్ మానిటర్ కూడా సీలింగ్‌కి బిగించే రకమైతే రెండూ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి, ప్రొజెక్టర్‌ని పక్కకి జరపాల్సి వస్తుంది. అప్పుడు అడ్డంగా జరిపే లెన్స్ షిఫ్ట్ లేకపోతే కష్టం. డబ్బు ఎక్కువైనా దానికే పెట్టండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అల్ట్రా షార్ట్ త్రో, అంటే స్క్రీన్ మొదట్లో పెట్టే రకం, వద్దు. బంతులు పడేది అక్కడే. పైగా ఇంపాక్ట్ స్క్రీన్ గట్టిగా బిగించి ఉండదు, కింద నుంచి ఏటవాలుగా వెలుగు పడితే ప్రతి ముడతా వంకరగా కనిపిస్తుంది.

నేల మీద పెట్టడం: సీలింగ్ మరీ తక్కువై వేరే దారి లేకపోతేనే. గట్టి పెట్టె చేయించండి, ముందు లెన్స్‌కీ వెనక గాలికీ దారి వదలండి. నేలబారుగా దూసుకొచ్చే షాట్ తగిలేది దానికే.

బిగింపు: జిప్సమ్ బోర్డుకి కాదు, దాని వెనక ఉన్న దూలానికో స్లాబుకో బిగించండి. స్క్రీన్ ఫ్రేముకి అసలే వద్దు, బంతి తగిలిన ప్రతిసారీ బొమ్మ ఊగుతుంది.

జూమ్ ఉన్న ప్రొజెక్టర్‌కి త్రో రేషియో రెండు అంకెలుగా ఇస్తారు. మీ లెక్క ఆ రెండింటి మధ్యలో పడాలి. సరిగ్గా అంచు మీద పడితే మౌంట్ రెండంగుళాలు అటూ ఇటూ అయినా బొమ్మ సరిపోదు.

కేబుల్: 4కె అయితే, కంప్యూటర్ దూరంగా ఉంటే మామూలు రాగి హెచ్‌డీఎంఐ తడబడుతుంది. ఆప్టికల్ వేయండి. సీలింగ్ మూయకముందే వేయండి.

డ్రిల్లు పట్టుకునే ముందు ఒక పని. ఇంట్లో అందరికంటే పొడవైన మనిషిని, అన్నిటికంటే పొడవైన క్లబ్‌తో బంతి దగ్గర నిలబెట్టి నెమ్మదిగా స్వింగ్ చేయించండి, ముందుకీ వెనక్కీ. మీరు స్టూలెక్కి, క్లబ్ తల సీలింగ్‌కి దగ్గరగా వెళ్ళిన ప్రతి చోటా మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. ఎడమచేతి వాళ్ళు ఆడతారంటే వాళ్ళతో కూడా చేయించండి. ఆ టేపు ముక్కలు లేని చోటే మౌంట్.