రెండో ప్రపంచ యుద్ధం: తిండి లెక్కలు రాసినవాళ్లు, ఆకలితో పోయినవాళ్లు

సభకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు ట్యాంకులు, బాంబర్లు, హిరోషిమా మీద లేచిన పొగ గుర్తొస్తాయి. ఈ సాయంత్రం వాటి జోలికి పెద్దగా వెళ్లను. తిండి గురించి మాట్లాడతాను. ఆ యుద్ధంలో సైనికులుగా చనిపోయినవాళ్లు సుమారు 2 కోట్ల మంది అని అంచనా. ఆకలితో, ఆకలి వెంట వచ్చిన జబ్బులతో పోయినవాళ్లు కూడా ఇంచుమించు అంతమందే ఉంటారని లెక్క కట్టిన చరిత్రకారులు ఉన్నారు. వాళ్లను యుద్ధంలో నలిగిపోయినవాళ్లు అని చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. ఎవరికి తిండి అందాలో, ఎవరికి అందకపోయినా ఫరవాలేదో గదుల్లో కూర్చుని తేల్చినవాళ్లు ఉన్నారు. ఆ కాగితాలు చాలావరకు మిగిలి ఉన్నాయి కూడా.

ముందు కారణాల సంగతి. వెర్సాయ్ ఒప్పందం, 1929 ఆర్థిక మాంద్యం, హిట్లర్ యూదు ద్వేషం, ఇవన్నీ మీరు చదివినవే. వాటి పక్కన ఇంకొకటి పెట్టాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నౌకాదళం జర్మనీకి సముద్రపు దారులు మూసేసింది. 1916-17 చలికాలంలో జర్మన్లు బంగాళాదుంపలు కూడా దొరక్క, పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిని బతికారు. యుద్ధం ఆగాక కూడా ఆ దిగ్బంధం 1919 జూలై దాకా పూర్తిగా తొలగలేదు. ఆ ఆకలి నుంచి నాజీలు తీసిన పాఠం భయంకరమైనది: ఈసారి ఆకలి వేరేవాళ్లకు పడాలి. తూర్పున ఉన్న ఉక్రెయిన్ నల్లరేగడి నేలలు తమకు కావాలి, అక్కడి మనుషులు అక్కర్లేదు. జపాన్ 1931లో చైనాలోని మంచూరియాను ఆక్రమించడం వెనక కూడా భూమి, ముడిసరుకుల ఆశ పెద్దది.

1941 మే 2న, సోవియట్ యూనియన్ మీద దాడికి ఇంకా ఏడు వారాలు ఉండగానే, బెర్లిన్‌లో ఉన్నతాధికారుల సమావేశం ఒకటి జరిగింది. యుద్ధం మూడో ఏడాదిలోకి వెళ్లాక జర్మన్ సైన్యం మొత్తం రష్యా తిండి మీదే బతకాలని ఆ సమావేశపు నోట్‌లో రాసుకున్నారు. మనకు కావలసింది ఆ దేశం నుంచి తీసుకుంటే లక్షలు, కోట్ల మంది ఆకలితో చచ్చిపోతారనడంలో సందేహం లేదని కూడా అందులోనే రాశారు. ఆ ఆలోచన వెనక ఉన్న ముఖ్యుడు ఆహార మంత్రిత్వ శాఖ అధికారి హెర్బర్ట్ బాకె. వ్యవసాయం చదువుకున్నవాడు. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న జార్జియాలోని బటూమిలో పుట్టి, ఆ ప్రాంతంలోనే పెరిగినవాడు. ఏ ఊళ్ల పేర్లు కొట్టేస్తున్నాడో తెలియని మనిషి కాదు.

ఆ నోట్‌లోని ఆలోచన మొదట యుద్ధఖైదీల మీద పడింది. జర్మన్లకు చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. వాళ్లలో 33 లక్షల మంది దాకా తిరిగి రాలేదు. కాల్చి చంపినవాళ్లు కొందరు, ముళ్లకంచెల వెనక ఆకలికీ చలికీ జబ్బులకీ పోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. పోలండ్‌లోని వార్సాలో యూదులను గోడ కట్టి బంధించిన వాడలో, అంటే ఘెట్టోలో, వాళ్లకు 1941లో కేటాయించిన రేషన్ రోజుకు 200 కేలరీల లోపే. తామూ పస్తులుంటూనే అక్కడి యూదు వైద్యులు ఆకలి శరీరాన్ని ఎలా తినేస్తుందో పరీక్షించి రాసిపెట్టారు.

తర్వాత సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్. 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 వరకు, 872 రోజుల ముట్టడి. నగరం లొంగిపోతానన్నా ఒప్పుకోకూడదని హిట్లర్ నిర్ణయించాడు. లొంగితే ఆ జనానికి తిండి పెట్టాల్సి వస్తుంది. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు పిల్లలకు, ముసలివాళ్లకు, గుమాస్తాలకు ఇచ్చింది రోజుకు 125 గ్రాముల రొట్టె. కార్మికులకు 250 గ్రాములు. ఆ రొట్టె కూడా పూర్తిగా పిండి కాదు, అందులో సెల్యులోజు, పొట్టు, గానుగపిండి కలిపేవారు. గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగా లారీలు తెచ్చిన సరుకే ప్రాణం నిలిపింది. కనీసం 8 లక్షల మంది పౌరులు పోయారు, ఎక్కువమంది ఆ మొదటి చలికాలంలోనే.

ఆ నగరంలో ప్రపంచంలోకెల్లా పెద్ద విత్తన భాండాగారాల్లో ఒకటి ఉంది, వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ కూడబెట్టినది. బస్తాల కొద్దీ గింజలు, దుంపలు. దాన్ని కాపలా కాసిన శాస్త్రవేత్తల్లో పలువురు ఆకలితో చనిపోయారు. వరి విత్తనాల బాధ్యత చూసే దిమిత్రి ఇవనోవ్ పోయినప్పుడు ఆయన సంరక్షణలో వేల పొట్లాల వరి ఉంది. వావిలోవ్ మాత్రం అప్పటికే స్టాలిన్ జైల్లో ఉన్నాడు. 1943 జనవరిలో సరాటోవ్ చెరసాలలో ఆకలితో క్షీణించి పోయాడు. ప్రపంచానికి తిండి గింజలు దాచిన మనిషికి ఆ గతి పట్టించింది శత్రువు కాదు, సొంత ప్రభుత్వమే. దీన్ని చెప్పకుండా లెనిన్‌గ్రాడ్ కథ చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక బెంగాల్. అక్కడ ముట్టడి లేదు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది, బర్మా బియ్యం ఆగిపోయింది. జపాన్ సైన్యం వస్తే దొరక్కూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీరప్రాంతాల్లో ధాన్యం తరలించింది. పది మందికి పైగా ఎక్కగల పడవలను వేల సంఖ్యలో స్వాధీనం చేసుకుంది, పగలగొట్టింది. కాలువలే రోడ్లయిన డెల్టాలో పడవ పోతే చేపలు పట్టేవాడికి పనీ పోయింది, బియ్యం చేరే దారీ పోయింది. అక్టోబరులో మిడ్నాపూర్ మీద తుపాను విరుచుకుపడింది. వరికి తెగులు తగిలింది. యుద్ధ ఖర్చుకోసం నోట్లు అచ్చవుతూనే ఉన్నాయి. కలకత్తాలో బెంగాల్ మణుగు బియ్యం, అంటే దాదాపు 37 కిలోలు, 1942 డిసెంబరులో 13, 14 రూపాయలు. 1943 మే నాటికి 30 దాటింది. ఆగస్టులో 37.

కూలి అంత వేగంగా పెరుగుతుందా? 1943లో బెంగాల్లో ఉన్న తిండి, కరువు లేని 1941 కంటే తక్కువేమీ కాదని అమర్త్య సేన్ లెక్కకట్టి చూపారు. ఆ లెక్క మీద వాదనలు ఉన్నాయి గానీ, పోయినవాళ్లెవరో చూస్తే నాకు ఆయన మాటే నిజమనిపిస్తుంది. భూమిలేని కూలీలు, జాలర్లు, పడవవాళ్లు, ఊరి చేతివృత్తులవాళ్లు పోయారు. కలకత్తాలో యుద్ధ పరిశ్రమల కార్మికులకు చౌక బియ్యం అందింది. ఆ బియ్యం పండించిన పల్లెల జనం అదే నగరపు పేవ్‌మెంట్ల మీద గంజి అడుక్కుంటూ పోయారు. భారత ప్రభుత్వం అడిగిన గోధుమల్లో లండన్ యుద్ధ మంత్రివర్గం ఓడలు ఖాళీ లేవంటూ కొంతే పంపింది. ప్రభుత్వం కరువు అని అధికారికంగా ప్రకటించనే లేదు, ప్రకటిస్తే కరువు నిబంధనావళి ప్రకారం ఆదుకోవలసి వచ్చేది. సుమారు 30 లక్షల ప్రాణాలు పోయాయని ఇప్పుడు ఎక్కువమంది అంచనా.

వియత్నాం ఉత్తర భాగంలో 1944-45లో మళ్లీ ఇదే: జపాన్, ఫ్రెంచ్ అధికారులు ధాన్యం బలవంతంగా సేకరించారు, బాంబులతో రైలుమార్గాలు తెగిపోయాయి, లక్షల మంది పోయారు. అదే చలికాలం నెదర్లాండ్స్‌లో జర్మన్ల దిగ్బంధం వల్ల దాదాపు 20 వేల మంది పోయారు. జనం తులిప్ గడ్డలు తిన్నారు. చివరికి మిత్రరాజ్యాల విమానాలు ఆకాశం నుంచి తిండి జారవిడిచాయి. ఆ పని మంచిదే, మహత్తరమైనదే. ఎవరికోసం విమానం ఎగిరింది, ఎవరికోసం ఓడ దొరకలేదు అన్నది మాత్రం మనం అడిగి తీరాలి.

శిక్షల విషయం చెప్పి ముగిస్తాను. బాకె విచారణకు ముందే 1947లో న్యూరెంబర్గ్ జైల్లో ఉరేసుకున్నాడు. లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టిన సేనాపతి ఫాన్ లీబ్ మీద 1948లో విచారణ జరిగింది. నగరం విడిచి వస్తున్న పౌరులను ఫిరంగులతో కాల్చి వెనక్కి తరమమన్న ఉత్తర్వు కోర్టు ముందుకొచ్చింది. ముట్టడిలో అది నేరం కాదని న్యాయమూర్తులు తేల్చారు. చట్టం మరోలా ఉంటే బాగుండుననిపించినా, ఉన్న చట్టాన్నే అమలు చేయాలన్నారు. పౌరులను ఆకలితో మాడ్చడం యుద్ధ పద్ధతిగా చెల్లదని జెనీవా ఒప్పందాల అదనపు ప్రొటోకాల్‌లో రాసుకున్నది 1977లో. బెంగాల్ మీద 1945లో విచారణ సంఘం నివేదిక ఇచ్చింది, తప్పులు ఎత్తిచూపింది. ఆ పడవల ఉత్తర్వుకు గానీ, ఆ ఓడల నిరాకరణకు గానీ ఏ కోర్టులోనూ ఎవరూ జవాబు చెప్పలేదు.