బెల్లం మండీలో బిజినెస్ పేపరు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు బిజినెస్ పత్రికల గురించి, అందులోనూ మన పక్కనే మద్రాసులో పుట్టిన బిజినెస్ లైన్ గురించి నాలుగు మాటలు చెప్తాను. షేర్లు కొనేవాళ్ల విషయం మనకెందుకులే అని రేడియో కట్టేయకండి.

మా పెదనాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తా. "ధర తెలిసినోడిదేరా బేరం" అనేవాడు. బండి మీద బెల్లం వేసుకొచ్చిన రైతుకు బయట ఊళ్లో నిన్న ఏ రేటు పలికిందో తెలీదు, మండీలో ఫోనుంది కాబట్టి మండీ వాళ్లకు తెలుసు, ఆ ఒక్క తేడాతోనే రైతు చెయ్యి కిందికి పోయేది.

బిజినెస్ పత్రిక చేసే పెద్ద మేలు ఆ తేడాను తగ్గించడమేనని నేను నమ్ముతాను. బొంబాయి నుంచి ఎకనామిక్ టైమ్స్ 1961లో వచ్చింది, ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆ ఏడాదే. 1975లో కలకత్తా నుంచి బిజినెస్ స్టాండర్డ్. మన వైపు చిన్న ఊళ్లలో మాత్రం వాటి అవసరం 1991 ఆర్థిక సంస్కరణల తర్వాతే బాగా తెలిసింది. లైసెన్సులు సడలాయి, కంపెనీలు వరసగా షేర్లు అమ్మకానికి పెట్టాయి, టీచర్లూ బ్యాంకు ఉద్యోగులూ అప్లికేషన్ ఫారాలు నింపడం మొదలుపెట్టారు. ఇంతలో 1992 ఏప్రిల్‌లో, బ్యాంకుల డబ్బుతో షేర్ల ధరలు పెంచిన బ్రోకరు హర్షద్ మెహతా వ్యవహారాన్ని సుచేతా దలాల్ అనే విలేకరి బయటపెట్టారు. ఆమె రాసింది బిజినెస్ పత్రికలో కాదు, టైమ్స్ ఆఫ్ ఇండియాలో, అయినా మార్కెట్ మీద నిలదీసి అడిగే విలేకరి ఎంత అవసరమో దేశానికి తెలిసొచ్చింది. షేర్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సెబీ అనే సంస్థకు చట్టబద్ధమైన అధికారాలు వచ్చింది కూడా ఆ ఏడాదే.

1994 జనవరిలో, 1878 నుంచి నడుస్తున్న హిందూ పత్రిక వాళ్లు బిజినెస్ లైన్ మొదలుపెట్టారు. ఊరి పేరు అప్పటికింకా మద్రాసే. ఆ ఏడాది నవంబరులోనే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కంప్యూటర్ తెర మీద షేర్ల వ్యాపారం మొదలైంది.

నాకు బాగా గుర్తున్నది షేర్ల పేజీ. చీమల్లాంటి అక్షరాలు. కంపెనీ పేరు, నిన్నటి ముగింపు, ఈ రోజు మొదలైన ధర, ఎక్కువ, తక్కువ, మళ్లీ ముగింపు. పెదనాయన చెక్క స్కేలు అడ్డంగా పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుతూ చదివేవాడు, లేకపోతే పై కంపెనీ ధర కింది కంపెనీకి అంటుకుపోతుంది. ఇంగ్లీషు అంతంతమాత్రమే, అంకెలు మాత్రం తప్పేవాడు కాదు. మన కరకంబాడి బ్యాటరీల కంపెనీ అమరరాజా పేరు కనబడితే చాలు, ఇంట్లో అందరికీ వినబడేలా చదివేవాడు. హెడ్డింగుల అర్థం నేను చెప్పాలి, తెలీకపోతే డిక్షనరీ తెమ్మనేవాడు.

ఇప్పుడు మదనపల్లె టమాటా రేటు కూడా ఫోన్‌లోనే చూసుకుంటున్నాం, మంచిదే, కానీ ఆ రేటు ఎందుకు పడిందో, ఎవరి వల్ల పడిందో కనుక్కుని రాయడానికి ఒక మనిషి తిరగాలి, పది మందిని అడగాలి, అడిగింది సరిచూసుకోవాలి. పత్రికకు డబ్బులిచ్చేది ఆ పనికి.

ఒకరోజు యజమాని లేనప్పుడు పెదనాయన పేపర్లో చక్కెర, బెల్లం మార్కెట్ల వార్త ఉంటే ఒక రైతుకు తెలుగులో చదివి వినిపించాడు. ఆయన నిలబడే మొత్తం విన్నాడు. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుంటూ, "ఆ ముక్క చించి నాకియ్యి సామీ, మా ఊర్లో చూపిస్తా" అన్నాడు.