చేతిపట్టీ రంగు: నాజీ ఆక్రమణ సినిమాలలో చరిత్ర ఎంత?

[దృశ్యం: తెల్లని గుడ్డపట్టీ, దాని మీద నీలి నక్షత్రం]

వ్యాఖ్యానం: నాజీల ఏలుబడిలోని యూదులు అనగానే చాలామందికి పసుపు నక్షత్రమే గుర్తుకు వస్తుంది. అయితే 1939 డిసెంబరు 1 నుంచి పోలండ్ రాజధాని వార్సాలో పదేళ్లు దాటిన యూదులందరూ కుడిచేతికి కట్టుకోవలసి వచ్చినది తెల్లని పట్టీ. దాని మీది దావీదు నక్షత్రం, అంటే యూదుల ఆరు కోణాల చిహ్నం, నీలిరంగుది. ఫ్రాన్సులోని ఆక్రమిత ప్రాంతంలో పసుపు నక్షత్రం 1942 జూన్‌లో వచ్చింది. డెన్మార్క్‌లో అది రానేలేదు. అక్కడి రాజు తానే నక్షత్రం ధరించి నిరసన తెలిపాడన్న కథ ఎంత హృద్యంగా ఉన్నా, అలా జరగలేదు. ఆక్రమణ దేశానికొక తీరుగా సాగింది కనుక, ఇటువంటి సినిమా చూసేటప్పుడు నేను మొదట గమనించేది పాత్రల చొక్కా చేతులనే.

[దృశ్యం: వార్సా ఘెట్టో (యూదులను నిర్బంధించిన పేట) గోడ]

వ్యాఖ్యానం: పియానో కళాకారుడు వ్లాదిస్లావ్ ష్పిల్మన్ జ్ఞాపకాల ఆధారంగా రోమన్ పొలాన్‌స్కీ 2002లో తీసిన ‘ది పియానిస్ట్’ ఈ పరీక్షకు నిలుస్తుంది. నక్షత్రం కొలతలతో సహా ఆ ఉత్తర్వును తండ్రి ఇంట్లోవాళ్లకు చదివి వినిపిస్తాడు. అవమానం సెంటీమీటర్ల లెక్కన గడప దాటి లోపలికి వచ్చిన తీరు ఆ సన్నివేశంలో కళ్లకు కడుతుంది. దర్శకుడు తానూ చిన్నతనంలో క్రాకోవ్ ఘెట్టో నుంచి బతికి బయటపడినవాడే.

[దృశ్యం: శిథిలమైన ఇంట్లో పియానో]

వ్యాఖ్యానం: అంత శ్రద్ధగల చిత్రం కూడా ఒకచోట దారి మార్చింది. 1944 నవంబరులో, తనను కాపాడిన జర్మన్ అధికారి విల్మ్ హోసెన్‌ఫెల్డ్ అడిగినప్పుడు ష్పిల్మన్ వాయించినది పోలిష్ స్వరకర్త షోపెన్ రచించిన చిన్న నాక్టర్న్, అంటే నెమ్మదైన పియానో రచన. సినిమాలో మాత్రం అదే స్వరకర్త రాసిన ఉద్ధృతమైన బల్లాడ్ అనే సుదీర్ఘ పియానో రచన వినిపిస్తుంది. రెండున్నరేళ్లుగా సాధన లేక బిగుసుకుపోయిన వేళ్లు, వాటిపై పేరుకున్న మురికి, కత్తిరించని గోళ్లు, శ్రుతి తప్పిన తీగలు: ఆయన రాసుకున్న ఈ వివరాలను చదివినవారికి, ఆ చేతులు అంత కఠినమైన రచనను అంత ధారాళంగా పలికించాయంటే నమ్మబుద్ధి కాదు. తెరమీద ఆ ఘట్టం గొప్పగా పండిందని ఒప్పుకుంటాను, కానీ తడబడే వేళ్లతో వాయించిన ఆ చిన్న రచనలోనే ఆకలికీ భయానికీ నిజమైన రూపం ఉండేదని నా గట్టి అభిప్రాయం.

హోసెన్‌ఫెల్డ్ కాపాడినది ష్పిల్మన్ ఒక్కరినే కాదు. ఆ మిగతా ప్రాణాల కథ సినిమాలో లేదు. ఆయన 1952లో సోవియట్ నిర్బంధంలో మరణించాడని చివర తెరపై అక్షరాలు చెబుతాయి. జెరూసలేంలోని యూదు మారణహోమ స్మారక సంస్థ యాద్ వషెమ్, యూదులను కాపాడిన యూదేతరుడిగా ఆయనను గుర్తించినది 2008లో, ఆ చిత్రం వచ్చిన ఆరేళ్లకు.