తొంభయ్యో రోజు ఎలా ఉన్నారని ఎవరు అడుగుతున్నారు?

అందరికీ నమస్కారం. ఈరోజు అక్టోబర్ 29, ప్రపంచ పక్షవాత దినం. మూతి వంకర పోయినా, చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దని, రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చినదైతే నాలుగున్నర గంటల్లోపు ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలని పొద్దున్నుంచి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. దయచేసి అది మర్చిపోకండి. నేను ఫిజియోథెరపిస్టుని, నా పని ఎక్కువగా పేషెంటు ఇంటికి చేరాకే మొదలవుతుంది కాబట్టి ఆ తర్వాతి సంగతి మాట్లాడతాను. పక్షవాతం వచ్చిన 90వ రోజుకి పేషెంటు ఎంత కోలుకున్నాడో చూసి ఆసుపత్రి పనిని కొలవాలన్నదే నా మాట.

ఏ ఇంటికెళ్లినా ముందు డిశ్చార్జ్ సమ్మరీ అడుగుతాను. సీటీ, ఎమ్మారై, రక్త పరీక్షలు, ఏ రోజు ఏ మందు ఇచ్చారు, అన్నీ వివరంగా ఉంటాయి. చివర్లో మాత్రం చాలాసార్లు 'ఫిజియోథెరపీ' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. మనిషి తనంతట తాను లేచి కూర్చోగలడా, బాత్రూంకి వెళ్లగలడా, అన్నం మింగగలడా అన్నది ఎక్కడా కనపడదు. ముక్కులో పైపు ఎప్పుడు తీయాలో ఇంట్లోవాళ్లకి తెలియదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు దెబ్బతింటుందని వాళ్లకెవరూ చెప్పరు, పాపం లేపి కూర్చోబెడదామని ఆ చెయ్యే పట్టుకుని లాగుతారు. పక్కకు తిప్పుతూ ఉండకపోతే నడుం కింద పుండ్లు పడతాయి, మింగే శక్తి ఉందో లేదో చూడకుండా నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇందులో చాలావరకు ఆపగలిగినవే. ఆ తర్వాత ఆ కుటుంబం పసరు మందు కోసం బస్సెక్కితే చదువుకున్నవాళ్లం మూఢనమ్మకం అని తిడతాం. ఆ తిట్టు నాకు నచ్చదు. డిశ్చార్జ్ అయ్యాక ఒక్క ఫోన్ కూడా రాని కుటుంబం ఆశ చూపించినవాళ్ల దగ్గరికే వెళ్తుంది.

కోలుకోవడాన్ని కొలవలేం అంటారు కొందరు. కొలవచ్చు, ఎప్పట్నుంచో కొలుస్తున్నారు కూడా. మోడిఫైడ్ ర్యాంకిన్ స్కేల్ అని ఉంది, సున్నా నుంచి ఆరు వరకు. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు. రెండు అంటే మునుపటి పనులన్నీ చేయలేకపోయినా తన పనులు తాను చూసుకోగలడు. మూడు అంటే కొంత సాయం కావాలి గానీ ఎవరూ పట్టుకోకుండా నడుస్తాడు, నాలుగుకి వచ్చేసరికి పట్టుకోందే నడవలేడు. ఐదు అంటే మంచానికే పరిమితం, ఆరు మరణం. 90వ రోజు ఫోన్ చేసి, తెలిసినవాళ్లు అడిగితే కాసేపట్లో తేలిపోతుంది.

ఇంకో విషయం. గడ్డ కరిగించే మందు పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేల్చిన పరిశోధనలో, 24 గంటలకు చూస్తే మందు ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మూడు నెలలకు చూస్తే కనపడింది. ఆ మందు మంచిదని మనం నమ్మిందే మూడు నెలల లెక్క చూసి కదా, మరి ఆ మందు ఇచ్చే ఆసుపత్రికి అదే లెక్క ఎందుకు పెట్టకూడదు?

స్వీడన్‌లో 1994 నుంచి రిక్స్‌స్ట్రోక్ అనే జాతీయ పక్షవాత రిజిస్టర్ నడుస్తోంది. మూడు నెలలయ్యాక పేషెంట్లకే ప్రశ్నలు పంపిస్తారు: నడుస్తున్నారా, బట్టలు మీరే వేసుకుంటున్నారా, టాయిలెట్‌కి మీరే వెళ్తున్నారా అని. ఆసుపత్రుల వారీగా ఫలితాలు బయటపెడతారు. ఇంగ్లండ్‌లో కూడా స్ట్రోక్ (పక్షవాతం) ఆడిట్ ఉంది, ఎంతసేపట్లో స్కాన్ తీశారు, ఫిజియోథెరపీ ఎన్ని నిమిషాలు అందింది అని లెక్కలు తీస్తారు, ఆరు నెలలకు పేషెంటు పరిస్థితి మళ్లీ చూడాలంటారు. మన దేశంలోనూ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో 2012లో స్ట్రోక్ రిజిస్ట్రీ మొదలైంది, మంచిదే, కానీ మన జిల్లాలో ఒక కుటుంబం ఏ ఆసుపత్రికి వెళ్లాలో తేల్చుకోవడానికి చూసే అంకెగా అది ఇంకా మారలేదు.

డాక్టర్ల భయం నాకు తెలుసు. మాకు సీరియస్ కేసులే వస్తాయి, మా అంకె చెడ్డగా కనపడుతుంది, రేపు సీరియస్ పేషెంటుని గేటు దగ్గరే వేరేచోటికి పంపేసేవాళ్లు తయారవుతారు అంటారు. ఇది నిజమైన భయం. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, స్ట్రోక్ తీవ్రత లెక్కలోకి తీసుకోగానే 'ఉండాల్సినదానికంటే మరణాలు ఎక్కువ' అని ముద్రపడ్డ ఆసుపత్రుల్లో సగానికి పైగా మామూలు వరుసలోకి వచ్చేశాయి. కాబట్టి చేరిన రోజే తీవ్రత స్కోరు, అంటే ఎన్ఐహెచ్ఎస్ఎస్ 0 నుంచి 42 వరకు ఉండేది, తప్పకుండా రాయాలి. అది లేకుండా ఆసుపత్రులను పోల్చడం అన్యాయం. అంకె బాగాలేని ఆసుపత్రికి ఇచ్చే డబ్బులో కోత పెట్టడం గురించి ఇప్పుడే మాట్లాడొద్దని కూడా నా అభిప్రాయం, ముందు అంకెలు బయటికి రానివ్వండి.

ఇంటికెళ్లాక వాళ్లు ఎక్సర్‌సైజులు చేయకపోతే మాదా తప్పు అని ఇంకో మాట వస్తుంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో జరిగిన అటెండ్ పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంట్లోవాళ్లకి నేర్పించి పంపితే చాలా అని చూశారు, ఆరు నెలలకు మామూలు పద్ధతితో పోలిస్తే మెరుగుదల ఏమీ కనపడలేదు. అంటే భార్యకో కోడలికో నాలుగు కదలికలు చూపించి మా బాధ్యత అయిపోయిందనుకోవడం కుదరదు. ఆ ఆడవాళ్ల నడుములు విరుగుతున్నాయి, నేను కళ్లారా చూస్తున్నాను.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వం డబ్బు కట్టే ప్రతి పక్షవాతం కేసులో చేరినప్పటి తీవ్రత, 90వ రోజు ర్యాంకిన్ స్కోరు రెండూ రికార్డు కావాలి. ఆ ఫోను ఆసుపత్రి చేయాలి, కొన్ని కేసులనైనా ఆశా కార్యకర్త ఇంటికెళ్లి సరిచూడాలి, ఎందుకంటే ఎవరి మార్కులు వాళ్లే వేసుకుంటే నమ్మకం ఉండదు. ఫోనెత్తనివాళ్లు ఎందరో కూడా బయటపెట్టాలి, లేకపోతే కోలుకున్నవాళ్లకే ఫోన్లు వెళ్తాయి.

ఇక్కడికి ఆసుపత్రుల వాళ్లూ వచ్చారు. ప్రభుత్వం చెప్పేదాకా ఆగక్కర్లేదు, వచ్చే నెల డిశ్చార్జ్‌లతోనే మొదలుపెట్టొచ్చు. మీ సిస్టర్లకి ర్యాంకిన్ స్కోరు ఎలా అడగాలో నేను వచ్చి నేర్పిస్తాను, ఫీజు వద్దు. మీటింగ్ అయ్యాక నన్ను కలవండి, తేదీలు ఇప్పుడే అనుకుందాం.