ఎనిమిది పెట్టెలు, ఒకే తేదీ

(గ్రంథాలయ వారోత్సవాల్లో కావలిలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ముందు వరసలోకి రండి. బల్ల మీద పెట్టినవి వెనక కూర్చుంటే కనపడవు.

వారోత్సవాలకి పిలిస్తే ఏదైనా పుస్తకం గురించి చెప్పమంటారనుకున్నాను. "మాస్టారూ, మీరు చేసిన నమూనా గూడ్సు బండి పట్టుకొచ్చి దాని గురించే చెప్పండి" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి? ముప్పై ఏళ్ళు లెక్కల పాఠం చెప్పిన నోరు ఇది. ఈ విషయం మీద మాత్రం ఇట్లా నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఇదే మొదలు.

మా నాయన బిట్రగుంట యార్డులో బళ్ళని లైను మార్చే పాయింట్స్‌మన్. రైల్వే క్వార్టర్సులో పెరిగాను. స్టీమ్ ఇంజన్ల షెడ్డుతో, యార్డుతో ఆ ఊరు ఎట్లా వెలిగిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా ఈడు పిల్లలంతా ఇంజన్ చూడటానికి పరిగెత్తేవాళ్ళు. నాకు ఇంజన్ వెనక వచ్చేవాటి మీదే కన్ను. ఇంజన్ రెప్పపాటులో పోతుంది. ఆ తర్వాత ఎంతో సేపు మన ముందు నుంచి నడిచేది పెట్టెలే. మూత పెట్టె, తెరిచిన పెట్టె, నూనె ట్యాంకు, చివర గార్డు పెట్టె. ఒకదాని మీద సిమెంటు దుమ్ము, ఒకదాని మీద ఉప్పు చార, ఇంకోదాని తలుపుకి గడ్డిపోచ. ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఆ పెట్టె ఒంటి మీదే రాసి ఉండేది.

1980 నాటికి విజయవాడ, మద్రాసుల మధ్య కరెంటు తీగ వచ్చేసింది. బిట్రగుంట షెడ్డుకి పని పోయింది. ఇంజన్లు పోయినందుకు బాధపడిన వాళ్ళున్నారు, ఫొటోలు తీసుకున్న వాళ్ళున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో నాలుగు చక్రాల గూడ్సు పెట్టెలు కూడా ఒక్కొక్కటే తుక్కు కింద పోయాయి. వాటిని ఎవరూ ఫొటో తియ్యలేదు. మా ఇంట్లోనూ లేదు. రిటైరయ్యాక, చిన్నప్పుడు రోజూ చూసిన ఆ మూత పెట్టెని చేద్దామని కూర్చున్నాను. కాగితం మీద గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. పక్కన నిలువు పట్టీలు ఎన్ని? తలుపు గడియ ఏ వైపు? కొన్ని వందల పెట్టెలు చూసిన కళ్ళకి ఒక్క పెట్టె కూడా పూర్తిగా గుర్తు లేదు.

అందుకే ఇవాళ మన కళ్ళ ముందు నడుస్తున్న పెట్టెనే చేద్దామనుకున్నాను. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు మోసుకెళ్ళే తెరిచిన పెట్టెని మీరంతా చూసే ఉంటారు. రైల్వే వాళ్ళు దాన్ని బాక్స్‌ఎన్ అంటారు. ఇక్కడ ఒక మాట. మనం బోగీ అంటే పెట్టె అనుకుంటాం. రైల్వే భాషలో బోగీ అంటే పెట్టె కింద, రెండు ఇరుసులతో నాలుగు చక్రాలుండే చట్రం. అట్లాంటివి పెట్టెకి రెండు. ఇకనుంచి నేను బోగీ అంటే ఆ చట్రమనే అర్థం చేసుకోండి.

ఎంత సైజులో చెయ్యాలన్నది మొదటి ప్రశ్న. ప్రపంచంలో ఎక్కువమంది చేసేది హెచ్‌ఓ సైజు. అసలుని 87 వంతులు చేస్తే అందులో ఒక వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అమెరికాలో, యూరప్‌లో ఎక్కువచోట్ల పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు కాబట్టి వాళ్ళకి సరిగ్గా కుదురుతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19 పైన వస్తుంది. ఆ 16.5 పట్టాల మీద మన 87వ వంతు పెట్టె పెడితే ఒళ్ళు వెడల్పు, కాళ్ళు దగ్గర. అదే 1676ని 100తో భాగించండి, 16.76. బజారులో దొరికే పట్టాలకి పావు మిల్లీమీటరు తేడా! నేను నూరో వంతే పట్టుకున్నాను. హెచ్‌ఓలో చేసేవాళ్ళని తప్పు పట్టను, ఇంజన్లు ఆ సైజులోనే దొరుకుతాయి. కానీ నూరో వంతులో మన బండి మన బండిలా నిలబడుతుంది. పైగా లెక్క సుళువు. మీటరంటే సెంటీమీటరు. పెట్టెకీ పెట్టెకీ తగిలించే కొక్కేన్ని కప్లింగు అంటారు. అసలు పెట్టె ఈ కప్లింగు నుంచి ఆ కప్లింగు దాకా 10,713 మిల్లీమీటర్లు, బల్ల మీద 10.7 సెంటీమీటర్లు. వెడల్పు 3200, ఇక్కడ 32 మిల్లీమీటర్లు. 58 పెట్టెల రేకు, అంటే తగిలించిన పెట్టెల వరస, మొత్తం చేస్తే ఆరు మీటర్లు దాటుతుంది. మా ఇంటి వరండా కూడా చాలదు. అందుకే ఎనిమిదితో ఆగాను.

చక్రాల దగ్గర నాకు చాలా సంతోషమైంది. కొత్త చక్రం వ్యాసం 1000 మిల్లీమీటర్లు. నడిచీ నడిచీ, లేత్ మీద తరిణ పట్టీ పట్టీ, 906కి వచ్చాక పక్కన పడేస్తారు. అమెరికా గూడ్సు పెట్టెల కోసం అమ్మే హెచ్‌ఓ చక్రాల్లో 33 అంగుళాలవి ఉన్నాయి. కొలిస్తే 9.6 మిల్లీమీటర్లు. మన లెక్కలో 960. అంటే కొంత అరిగి, ఇంకా సర్వీసులో ఉన్న చక్రం. తెప్పించుకోవాల్సింది చక్రాలూ కప్లింగులే. మన గూడ్సు పెట్టెలకి వాడే సెంటర్ బఫర్ కప్లరు అమెరికా తరహాదే కాబట్టి అక్కడి నమూనా కప్లింగు మన పెట్టెకి అతికినట్టు సరిపోతుంది.

మిగతాదంతా ఇక్కడి సరుకే. గోడలకి ఒక మిల్లీమీటరు, పట్టీలకి అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు. కత్తితో పూర్తిగా కొయ్యకూడదు. స్టీలు స్కేలు ఆనించి రెండుసార్లు గీత పెట్టి, వంచితే టక్కున విరుగుతుంది, అంచు నున్నగా వస్తుంది. అతికించడానికి నీళ్ళలాంటి ప్లాస్టిక్ సిమెంటు. రెండు ముక్కలు ఆనించి పట్టుకుని కుంచె కొస సందుకి తాకిస్తే చాలు, సందులోకి తనే పాకుతుంది. ఇన్‌స్టంట్ గమ్ వాడితే చుట్టూ తెల్లటి పొగమరక పడుతుంది, పనికిరాదు. చేతిపట్టీలకి కాలిపోయిన మోటారు వైండింగు తీగ. బ్రేకు పైపులకి కొంచెం లావు తీగ.

పెట్టె తేలికైతే పట్టాలు దిగిపోతుంది. అమెరికాలో 1935లో పెట్టిన జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం దీనికో లెక్క ఇచ్చింది. హెచ్‌ఓ పెట్టెకి ఒక ఔన్సు, దానిపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు. నా పెట్టెకి అది 88 గ్రాముల దాకా వస్తుంది. బొగ్గు కింద దాచటానికి బరువేం పెట్టాలా అని చూస్తుంటే, జువ్వలదిన్నె నుంచి వచ్చే మా చేపలామె వల అంచుకి కట్టే సీసపు గుండ్లు గుప్పెడు తెచ్చిచ్చింది. వాటిని గుంటలో పేర్చి జిగురు పోశాను. పిల్లలూ, సీసం విషం. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి, పొడి ఎగరనివ్వకూడదు. బోగీల్లో ఒకదాని మరమేకుని కాస్త బిగించండి, పక్కలకి తిరిగితే చాలు. రెండోదాన్ని వదులుగా ఉంచండి, ఊగనివ్వండి. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా నిలబడినట్టు పెట్టె నిలబడుతుంది.

రంగు సంగతి. మా పెట్టెలకి రెడ్ ఆక్సైడ్ వేశాను. ఒక్కటే జాగ్రత్త చెబుతాను. మన జిల్లాకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈ నెలల్లో స్ప్రే జోలికి పోవద్దు. గాలిలో చెమ్మకి రంగు తెల్లబారుతుంది. కోత, అతుకు ఇప్పుడు చేసుకుని రంగు సంక్రాంతి తర్వాత పెట్టుకోండి.

ఇక నంబరు. ప్రతి గూడ్సు పెట్టెకీ 11 అంకెలుంటాయి. మొదటి రెండు పెట్టె రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు దాని సొంత నంబరు. ఆఖరి అంకె సరిచూసుకోడానికి. తెరిచిన పెట్టెలకి 10 నుంచి 29 దాకా. దక్షిణ మధ్య రైల్వేకి 09. బోర్డు మీద నేను రాసినది చూడండి: 10 09 95 0123. సరి స్థానాల్లో 0, 9, 5, 1, 3. కూడితే 18, మూడుతో హెచ్చిస్తే 54. బేసి స్థానాల్లో 1, 0, 9, 0, 2. మొత్తం 12. రెండూ కలిపి 66. దాని పైన వచ్చే పదుల సంఖ్య 70. దానికి ఎంత తక్కువ? నాలుగు. ఆఖరి అంకె 4. పెద్ద తరగతుల్లో చెప్పే లెక్క కాదిది, ఆరో తరగతి పిల్లలు చెయ్యగలరు. గేటు పడినప్పుడు ఆగిన గూడ్సు మీద నంబరు రాసుకుని సరిచూడండి. గేటు ఇవతల నిలబడే సుమా. పట్టాల మీదికి, యార్డులోకి వెళ్ళటం ప్రమాదమూ, నేరమూ కూడా.

ఈ అంకెలు బల్ల మీద ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తు. రేడియం షాపులో కోయిద్దామని తిరిగాను. అంత సన్నగా కోస్తే స్టిక్కరు లేచొస్తుంది. మామూలు ప్రింటరు తెలుపు అచ్చెయ్యలేదు. చివరికి, నానేస్తే అచ్చు పొర జారి అతుక్కునే తెల్ల డెకాల్ కాగితం మీద చుట్టూ రెడ్ ఆక్సైడ్ రంగు అచ్చేయించి, అక్షరాల చోటు ఖాళీగా వదిలాను. కాగితం తెలుపే అక్షరమవుతుంది. ఆ రంగు పెట్టె రంగుతో కలిసేదాకా తొమ్మిదిసార్లు అచ్చు వేయించాను. నీళ్ళలో నానేసి, జార్చి, అంచులు కుంచెతో కలిపేశాను.

ఎనిమిది పెట్టెలూ తయారయ్యాయి. మా వీధిలో, రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు, నేను మామా అంటాను. పిలిచి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పెట్టే చూశాడు. నంబర్లు చూశాడు, తల ఊపాడు. తర్వాత పక్కన చిన్నక్షరాల దగ్గర ఆగాడు.

"ఏంది అబ్బయ్యా, ఎనిమిది పెట్టెలూ ఒకేరోజు షాపులోంచి వచ్చినయ్యా?"

రిటర్న్ తేదీ గురించి ఆయన అడిగింది. పెట్టె మళ్ళీ పెద్ద మరమ్మతుకి ఎప్పుడు పోవాలో ఆ తేదీ చెబుతుంది. కొత్త బాక్స్‌ఎన్ మొదటిసారి 6 ఏళ్ళకి, ఆ తర్వాత నాలుగున్నరేళ్ళకోసారి గుంటుపల్లి లాంటి వర్క్‌షాపుకి పోయి విప్పించుకుని, రంగు వేయించుకుని వస్తుంది. నేను ఒకే తేదీ ఎనిమిదింటికీ అచ్చేయించాను. ఆయన అక్కడితో ఆగలేదు.

"తుప్పు కూడా అట్నే పెట్టినావు. అన్నీ ఒకే వానలో తడిసినట్టుండాయి. ఇంకోటి చెప్తా ఇను. నిండా బొగ్గేసినావు, పెట్టె మాత్రం ఖాళీదాని మాదిరి నిక్కి నిలబడింది. స్ప్రింగు నలగొద్దా?"

కప్లింగు ఎత్తు ఖాళీ పెట్టెకి 1105 మిల్లీమీటర్లు మించకూడదు, నిండు పెట్టెకి 1030కి తగ్గకూడదు. ఆ తేడా నూరో వంతులో ముప్పావు మిల్లీమీటరు. ఆయన కంటికి ముప్పావు మిల్లీమీటరు ఆనింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసింది ఒక్క పెట్టెని, ఎనిమిదిసార్లు. బిట్రగుంటలో వందల పెట్టెలు చూసి ఒక్కటీ గుర్తు పెట్టుకోకపోవటమూ, ఇదీ ఒకటే తప్పు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ప్రతి పెట్టెకీ ఒక అసలు పెట్టెని ఎంచుకున్నాను. కావలి ప్లాట్‌ఫారం మీద టికెట్టు కొనుక్కుని కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. దీనికి షాపు నుంచి వచ్చి నెలలే అయింది, రంగు నిండుగా ఉంది. దీనికి రిటర్న్ తేదీ దగ్గరపడింది, రంగు గులాబీ రంగుకి తిరిగి అడుగు అంచులు పెచ్చులు లేచాయి. బొగ్గు చెమ్మ ఇనుముని లోపలి నుంచి తింటుంది, అందుకే తుప్పు బయటికి కింది అతుకుల దగ్గర ముందు కనపడుతుంది. ఇదిగో ఈ పెట్టె గోడ లోపలి నుంచి గుద్దినట్టు ఉబ్బింది. ప్లాస్టిక్‌ని వేడినీళ్ళలో ముంచి బొటనవేలితో నొక్కి ఆ ఉబ్బు తెచ్చాను.

దుమ్ముకి రంగులు కొనలేదు. మార్కాపురం పలక ముక్కని గరుకు కాగితం మీద అరగదీస్తే బూడిదరంగు పొడి వస్తుంది. మా పెరట్లో ఎర్రమట్టి ఉంది. రెండింటినీ పాత పంచెగుడ్డలో వేసి మూడుసార్లు జల్లించాను. మూడోసారికి పౌడరంత మెత్తన. మెత్తటి కుంచెతో అద్ది, మీద మెరుపు లేని వార్నిషు పల్చగా కొడితే నిలుస్తుంది. కుంచె ఎప్పుడూ పైనుంచి కిందికే లాగాలి, వాన కారిన దారి అదే. లోపలి సరుకు నిజమైన బొగ్గు, సుత్తితో నలిపి టీ జల్లెడ పట్టింది. నిండు పెట్టెలకి బోగీ మీది వాషరు అరగదీసి ముప్పావు మిల్లీమీటరు దించాను. రెండు పెట్టెలు ఖాళీగా ఉంచాను, వాటిని దించలేదు.

ఏడు నెలలు పట్టింది. మామని మళ్ళీ పిలిచాను. ఈసారి కూర్చోలేదు, నడుము వంచి రేకు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు, యార్డులో బండి చూసినట్టే. ఆరో పెట్టె దగ్గర ఆగాడు, ఆ గోడ ఉబ్బిన పెట్టె దగ్గర. జేబులోంచి మా మనవరాలి సుద్దముక్క తీశాడు. ఎప్పుడు వేసుకున్నాడో!

"ఈ తలుపు పట్టు వదిలింది అబ్బయ్యా. దీన్ని పంపిచ్చేదానికి లేదు. సిక్" అని దాని పక్కన గీత గీసి, వెళ్ళి మజ్జిగ అడిగాడు.

ఆ పెట్టెని రేకులోంచి కోసి పక్క లైన్లో పెట్టాను. అదిగో, బల్లకి ఎడమ చివర ఒంటరిగా ఉన్నది అదే. సుద్దగీత మీద వార్నిషు కొట్టలేదు, అందుకే ముట్టుకోకుండా చూడండి. రండి, ఒక్కొక్కరే.