సి ఒక్కటే కొట్టాలా, మొత్తం కొట్టాలా?

శ్రోతలందరికీ నమస్కారం.

నల్గొండ గడియారం సెంటర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో అయినా కంప్యూటర్ రిపేరు షాపుకు పోయి, ‘తమ్మీ, సిస్టమ్ మస్తు స్లో అయింది, విండోస్ కొట్టియ్యాలె’ అని సీపీయూను బల్ల మీద పెట్టామనుకోండి. కౌంటర్ వెనకున్న పిల్లవాడు వెంటనే అడుగుతాడు: ‘సి ఒక్కటే కొట్టాల్నా సార్, మొత్తం కొట్టాల్నా?’ మనలో చాలామంది ‘నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల చెయ్యి’ అనేసి చాయ్ తాగడానికి పోతాం. సి డ్రైవ్‌ను మాత్రమే చెరిపి కొత్త విండోస్ వేయాలా, డిస్కు మొత్తం చెరిపేయాలా అని ఆ ప్రశ్నకు అర్థం. దానికి జవాబు చెప్పాల్సింది మనమే. బిడ్డ పెళ్లి ఫొటోలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఆ పిల్లవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఈ పని ఇప్పుడు చాలామందికి పడుతోంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి కొత్తది వేయించుకునేవాళ్లు ఉంటారు.

సి, డి అని రెండు డ్రైవులు కనిపిస్తే లోపల రెండు డిస్కులు ఉన్నాయని అనుకుంటాం. చాలా ఇళ్లలో ఉండేది ఒకటే డిస్కు. దాన్నే భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో అక్షరం ఇస్తారు. ఆ భాగమే పార్టిషన్. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసిన చిన్న పట్టిక డిస్కు మొదట్లోనే ఉంటుంది. ఏ, బి అక్షరాలు అప్పట్లో ఫ్లాపీలకు, అంటే బయటి నుంచి పెట్టి తీసే పాతకాలపు చిన్న డిస్కులకు, పోయాయి కాబట్టి హార్డ్ డిస్క్ సి నుంచి మొదలైంది. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో డిస్కు మొత్తం 10 ఎంబీ. ఇప్పటి ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలకే అది నిండిపోతుంది. ఆ కాలపు పట్టిక పద్ధతిని ఎంబీఆర్ అంటారు. అందులో నాలుగు ప్రధాన పార్టిషన్లకే చోటు, 2 టీబీకి మించిన డిస్కును అది పూర్తిగా వాడుకోలేదు. ఇప్పటిది జీపీటీ. విండోస్‌లో దీంతో 128 పార్టిషన్ల దాకా చేయవచ్చు. అన్ని ఎవరికి కావాలో నాకు అర్థం కాదు, అది వేరే సంగతి.

ఇక సి సంగతి. ‘నేను సిలో ఏమీ పెట్టను సార్’ అని చాలామంది ధీమాగా అంటారు. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించే ప్రతి ఫైలూ మామూలుగా సిలోనే ఉంటుంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా అంతే. మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసే గుమాస్తాను అడగండి, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా ఎక్కడుందని. ‘టాలీలనే ఉంది’ అంటాడు. ఆ టాలీ, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరూ మార్చకపోతే, తన డేటాను సి డ్రైవ్‌లో యూజర్స్, దానిలో పబ్లిక్ అనే ఫోల్డర్ కింద దాచుకుంటుంది. కంపెనీని ఎంచుకునే తెర మీద ఆ దారి రాసే ఉంటుంది, ఒకసారి చూసుకుంటే చాలు. ఫార్మాట్‌కు ముందు టాలీ లైసెన్స్‌ను సరెండర్ చేయడం, అంటే ఆ మెషీన్ నుంచి విడిపించడం, కూడా మరవద్దు. డీటీపీ సెంటర్ల వాళ్లకు ఇంకో తలనొప్పి. పెళ్లి కార్డులకు, ఫ్లెక్సీలకు వాడే తెలుగు ఫాంట్లు సిలోని విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయి, సి కొడితే అవీ పోతాయి. పాత కార్డు ఫైలు డిలో భద్రంగానే ఉంటుంది, తెరిస్తే మాత్రం అక్షరాల బదులు పిచ్చి గీతలు.

కాబట్టి మొదటి పని, ముఖ్యమైనదంతా డిస్కు బయటికి తీయడం. డిలోకి కాపీ చేయడం బయటికి తీయడం కాదు. సి, డి రెండూ ఒకే డిస్కు మీద ఉన్నప్పుడు డిస్కు పాడైతే రెండూ పోతాయి. బయటి హార్డ్ డిస్క్‌లో గానీ, పెన్‌డ్రైవ్‌లో గానీ వేసుకుని, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకుని, దాన్ని ఇంట్లోనే పెట్టి షాపుకు పోండి.

అసలు పొరపాటు జరిగే చోటు ఒక తెర. పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేస్తున్నప్పుడు ‘ఎక్కడ వేయాలి?’ అని అడిగే తెర అది. అక్కడ సి, డి అని ఉండదు. 500 జీబీ డిస్కు అయితే ఇట్లా కనిపిస్తుంది: డ్రైవ్ 0 పార్టిషన్ 1, 100 ఎంబీ. పార్టిషన్ 2, 16 ఎంబీ. పార్టిషన్ 3, 146 జీబీ. పార్టిషన్ 4, 318 జీబీ. కొన్ని మెషీన్లలో చివర రికవరీ అని ఇంకో చిన్నది. అన్నీ కలిపినా 465 దగ్గరే ఆగుతుంది. డిస్కు తయారుచేసే కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తే, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా. ఇప్పుడు చెప్పండి, వీటిలో మీ ఫొటోలు దేనిలో ఉన్నాయి? సైజును బట్టి ఊహించాలి. సి, డి రెండూ దాదాపు సమానంగా ఉంటే ఆ ఊహ కూడా పనికిరాదు.

దీనికి చిన్న ఉపాయం ఉంది. ఇంటి నుంచి బయల్దేరే ముందే ‘దిస్ పీసీ’ తెరిచి, డి మీద రైట్ క్లిక్ చేసి, రీనేమ్ నొక్కి ‘ముట్టొద్దు’ అన్న అర్థం వచ్చే పేరేదైనా ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టండి. ఆ పేరు ఇన్‌స్టాల్ తెర మీద పార్టిషన్ నంబరు పక్కన కనిపిస్తుంది. రెండు డ్రైవుల సైజులూ చీటీ మీద రాసి సీపీయూకు అతికించండి. మెషీన్‌లో నిజంగానే రెండు డిస్కులు ఉంటే, డేటా ఉన్న డిస్కు కేబుల్‌ను ముందే పీకేయమనండి. ముట్టొద్దని చెప్పడం కన్నా అది గట్టి పని.

‘సి ఒక్కటే’ అని చెప్పినా డి పోయే సందర్భం ఒకటుంది. పాత మెషీన్‌లో డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉండవచ్చు. విండోస్ 11కు యూఈఎఫ్ఐ, అంటే మెషీన్ ఆన్ కాగానే విండోస్‌ను లేపే కొత్త పద్ధతి, కావాలి. యూఈఎఫ్ఐకి జీపీటీ కావాలి. మధ్యలో ‘ఈ డిస్కు మీద వేయడం కుదరదు’ అని తెర మొరాయిస్తుంది. అప్పుడు కొందరు డిస్కును విభజించే డిస్క్‌పార్ట్ అనే పనిముట్టు తెరిచి ‘క్లీన్’ అని కొడతారు. డిస్కు మీదున్న విభజనంతా, డితో సహా, ఆ ఒక్క మాటతో పోతుంది. డేటా పోకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. ప్రధాన పార్టిషన్లు మూడుకు మించకూడదని దానికో షరతు. అది వాడమని అడగండి. కాపీ చేతిలో ఉంటేనే అడగండి.

పొరపాటున పార్టిషన్ తీసేస్తే? పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన చెల్కలోని పంట మాయం కానట్టు, పట్టికలో వరుస చెరిగినా పాత తిరిగే హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి. వెంటనే మెషీన్ ఆపేయాలి, దాని మీద కొత్తగా ఏదీ రాయకూడదు. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో, అంటే తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కులో, మాత్రం అంత ఆశ పెట్టుకోవద్దు. ఖాళీ అని తెలిసిన చోటును అది తనంతట తానే తుడిచేసుకుంటుంది.

ఎంతెంత పెట్టాలి? విండోస్ 11కు కనీసం 64 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది గానీ, దాంతో ఏడాది కూడా సుఖంగా గడవదు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే విభజించనే వద్దని నా అభిప్రాయం. 500 అయితే సికి 150 నుంచి 200, మిగతాది డికి. తర్వాత ‘సి నిండింది, డి ఖాళీగా ఉంది, అటునుంచి ఇటు జరుపు’ అంటే అంత తేలిక కాదు. విండోస్‌తో వచ్చే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిని పెంచాలంటే దాని పక్కనే, కుడివైపు, ఎవరికీ కేటాయించని జాగా ఉండాలి. అక్కడేమో డి కూర్చుని ఉంటుంది. అందుకే సికి ఇప్పుడే ఎక్కువ ఇవ్వండి.

ల్యాప్‌టాప్ వాళ్లకు ఒక మాట. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అనే విండోస్ సదుపాయం ఆన్‌లో ఉంటే, కొత్త విండోస్ వేశాక డి తెరవబోతే 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండవచ్చు. ముందే వెతికి కాగితం మీద రాసుకోండి. చార్జర్ కూడా పట్టుకుపోండి, ఫార్మాట్ మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ కాపాడాలి.

ఇంటికి తెచ్చి ఆన్ చేశాక డి కనిపించకపోతే టెన్షన్ పడకండి. డీవీడీ డ్రైవ్ డి అక్షరాన్ని తీసుకుని, మీ పాత డి డ్రైవ్‌కు ‘ఈ’ అనే అక్షరం వచ్చి ఉండవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందు డీవీడీ అక్షరం మార్చి, తర్వాత మీ డ్రైవ్‌కు డి ఇవ్వండి. టాలీ డేటాను డిలో పెట్టుకున్నవాళ్లకు పాత దారి అప్పుడు మళ్లీ సరిపోతుంది.

నమస్కారం.