పాత పెట్రోల్ బండికి పోయిన పికప్ తిరిగి తెచ్చుకోవడం

(దృశ్యం: నెల్లూరు ఆటోనగర్. షెడ్డులో సీటు ఎత్తి పెట్టిన పాత ఓమ్నీ కార్గో, కింద ఇంజన్.)

నమస్కారం. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తాలు మోసే ఈ ఓమ్నీలో ఉన్నది 796 సీసీల మూడు సిలిండర్ల కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) ఇంజన్. కొన్నాళ్లుగా ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరుకు దిగక తప్పడం లేదు. బోరింగ్ (సిలిండర్ వెడల్పు పెంచడం) చేయించాలా, పెద్ద ఇంజన్ ఎక్కించాలా అని యజమాని అడుగుతున్నారు. అంతకన్నా ముందు, కంపెనీ ఇచ్చిన బలంలో ఎంత మిగిలిందో చూద్దాం. పాత ఇంజన్‌కు కొత్త బలం చేర్చడం కంటే, పోయిన బలాన్ని వెనక్కి తేవడమే చవక, లాభం.

మొదట రెండు అనుమానాలు తీర్చుకోండి. జాకీ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు బిగుసుకుంటే బ్రేకులు పట్టేస్తున్నట్టు. ఇంజన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఈ రెండూ లేవని తేలాకే ఇంజన్ మీద చెయ్యి వేయాలి.

(దృశ్యం: ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి బిగిస్తున్న చేతులు. ముల్లు దగ్గరగా.)

ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, గేజి బిగించాం. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు సిలిండర్ లోపలి ఒత్తిడి ఎంతో గేజి చూపిస్తుంది. నొక్కకపోతే గాలి సరిగా అందక రీడింగ్ తక్కువ చూపిస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే లోపం ఉన్నట్టే. ఇక్కడ రెండో సిలిండర్ బాగా వెనకబడింది. అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాం. ముల్లు పెరిగి ఉంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు. పెరగలేదు. అంటే లోపం తలుపులా తెరుచుకు మూసుకునే వాల్వులో గానీ, సిలిండర్ హెడ్ కింద ఉండే హెడ్ గాస్కెట్‌లో గానీ.

ఈ బండి చాలాకాలం గ్యాసు మీద తిరిగింది. అలాంటి బండ్లలో వాల్వు సీట్లు త్వరగా అరిగి, వాల్వు లోపలికి కూరుకుపోతుంది. వాల్వుకు పైన ఉండాల్సిన సన్నటి సందు (టాపెట్ గ్యాప్) మూసుకుపోయి వాల్వు పూర్తిగా కూర్చోదు, చివరికి కాలిపోతుంది. హెడ్ దించి చూస్తే ఇక్కడా అదే జరిగింది. సీటు కట్ చేసి, వాల్వు గ్రైండ్ చేసి, టాపెట్లు సెట్ చేయాలి. గ్యాసు వాడటం మానేసిన బండిలో గ్యాసును గాలిలో కలిపే కిట్ మిక్సర్ కూడా తీసేయించండి. అది గాలి దారికి అడ్డమే.

బోరింగ్ సంగతి. 68.5 మిల్లీమీటర్ల బోరును 69కి పెంచితే పెరిగేది సుమారు 12 సీసీలు. సిలిండర్ అరిగితే తప్ప దాని జోలికి వెళ్లకండి. ఇంజన్ మార్పిడికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. రవాణా శాఖ అనుమతి లేకుండా చేయించవద్దు.

(దృశ్యం: ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టం.)

రోహిణి కార్తెలో మన దగ్గర రోళ్లు పగిలే ఎండలు. ఇంజన్ పక్కనున్న 65 డిగ్రీల వేడి గాలిని పీల్చే ఇంజన్‌కు, 40 డిగ్రీల బయటి గాలి పీల్చేదానికంటే గాలి సుమారు 7 శాతం తక్కువ అందుతుంది. బలం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. బయటి గాలి తెచ్చే గొట్టం ఊడిపోయి ఉంటే తిరిగి బిగించండి, ఫిల్టర్ మార్చండి. ఖర్చు తక్కువ, ఫలితం ఆ రోజే తెలుస్తుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం, పెట్రోల్. బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. సెన్సార్ ఉన్న బండి తనంతట తానే సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ వీలు లేదు. లోడు మీద ఇంజన్ తడబడుతుంది, వేడెక్కుతుంది. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు ఉబ్బి పగులుతాయి, వాటిని ముందే మార్చాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో బండిని వారాల తరబడి ఊరకే నిలిపితే ట్యాంకు అడుగున నీరు చేరవచ్చు.

స్పార్కు పుట్టించే పాయింట్ల గ్యాప్, ఆ స్పార్కు పడే టైమింగ్ కంపెనీ లెక్కకు తెచ్చాక, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి బరువుతో బండిని లాగించి చూడండి. కటకటమని నాకింగ్ వస్తే టైమింగ్ వెంటనే కాస్త వెనక్కి తిప్పండి, లేదంటే పిస్టన్‌కే ముప్పు. తర్వాత ప్లగ్గు విప్పండి. పింగాణీ తెల్లగా ఉంటే మిశ్రమం ఇంకా పలచన, నల్లటి మసి పట్టి ఉంటే జెట్టు పెద్దదైంది. లేత గోధుమ రంగు కనిపిస్తే అదే మీ జెట్టు.